కొత్తపల్లిలో పసుపు తలుపు

మా వదిన తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. మా ఆయనకి అక్క. కిందటి వేసవిలో షికాగో పక్కన అరోరాలో మా ఇంటికి వచ్చిన వారానికే తన కోరిక బయటపెట్టింది. నయాగరా కాదు, న్యూయార్కు కాదు. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ రెండు ప్రపంచ యుద్ధాలూ నోరు నొప్పెట్టేలా చెప్పానే సుధా. ఒక్క జర్మన్‌ని కూడా కళ్ళారా చూడలేదు" అంది. జర్మనీ వీసా తలనొప్పి గుర్తొచ్చి మా ఆయన టీవీ సౌండ్ పెంచారు. నేను మాత్రం ఫోన్ తీసి వెతికాను. జర్మన్ల కోసం జర్మనీ దాకా ఎందుకు? మిసిసిపీ నది దాటితే అయోవాలో జర్మన్లు కట్టుకున్న ఊళ్ళు బోలెడు. అందులో ఒక చిన్న ఊరు పట్టాను. మొదట దాని పేరు నోయ్‌డార్ఫ్, ఇప్పుడు విక్టరీ గ్రోవ్. నోయ్‌డార్ఫ్ అంటే కొత్త పల్లె అని ఫోన్ చెప్పింది. "కొత్తపల్లి. అలా చెప్పు మరి" అంది వదిన. ఇక ఆవిడకి అది కొత్తపల్లే.

కార్లో అయితే మూడు గంటల దారి. కానీ రైలెక్కకుండా ఒక దేశాన్ని చూశానని ఎలా చెప్పుకోవాలి అని వదిన పట్టుపట్టింది. బుధవారం మధ్యాహ్నం రెండున్నర దాటాక నేపర్‌విల్‌లో రైలెక్కాం. స్టేషన్ దాకా దింపడానికి వచ్చిన మా ఆయన మొహంలో రెండు రోజుల ప్రశాంతత అప్పుడే వెలిగిపోతోంది. పులిహోర, పెరుగన్నం, కారప్పూస కట్టుకున్నాం. సీట్లు వెడల్పుగా, కాళ్ళు చాపుకునేలా ఉన్నాయి. ఎదుటి వరసలో టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఎక్కడికి వెళుతున్నారని అడిగితే వదిన తన స్కూలు ఇంగ్లీషులో జర్మన్లని చూడ్డానికని చెప్పింది. మా అమ్మమ్మ జర్మనే అన్నాడాయన సంతోషంగా. వదిన ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ముప్పాతిక వంతు పోయింది. మనకి పూర్తి వాళ్ళు కావాలి" అంది నాతో తెలుగులో. ఆయనకి కారప్పూస మాత్రం పెట్టింది.

నది మీది వంతెన దాటేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. స్టేషన్‌కి మార్లీన్ గారే స్వయంగా కారు తెచ్చారు. గది మేం బుక్ చేసింది ఆవిడ ఇంట్లోనే. ఎనభై నాలుగేళ్ళ మనిషి, పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉంటారు. ఆవిడ కారు నడిపిన తీరుకి నేను కళ్ళు మూసుకున్నాను. ఊరి మధ్య రోడ్డు మీద తెల్ల రంగు వేసిన రెండంతస్తుల ఇల్లు, ముందు వరండా. రాత్రి భోజనానికి బంగాళాదుంప అట్లు, పులిసిన క్యాబేజీ పెట్టారు. ఊరగాయ బాగుంది గానీ ఆవపిండి మర్చిపోయారు పాపం అని వదిన జాలిపడింది. రెండు రాత్రుల గది, పొద్దుటి టిఫిను కలిపి షికాగో హోటల్లో ఒక రాత్రికయ్యేంత కూడా కాలేదు.

గురువారం పదింటికి మ్యూజియం. ఒకప్పటి ఒంటి గది బడి అది. టికెట్ లేదు, మనకి తోచింది డబ్బాలో వేయాలి. దాన్ని చూసుకునే వాల్టర్ గారు ఏడు పదులు దాటిన రైతు. వదిన వెళ్ళి ముందు బెంచీలో కూర్చుంది. కాసేపట్లోనే ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారో తెలియకుండా పోయింది. వెన్న చిలికే పీపాలు, జర్మన్ బైబిళ్ళు, నాగళ్ళు అన్నీ చూపించారాయన. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీదికే వెళ్ళి పోరాడిన ఈ ఊరి కుర్రాళ్ళ ఫోటోలు గోడ నిండా ఉన్నాయి. మొదటి యుద్ధం సంగతులెక్కడ అని అడిగింది వదిన. అప్పుడిక్కడ పెద్దగా ఏమీ జరగలేదన్నారాయన.

"ఏమీ జరగకపోతే ఊరి పేరెందుకు మార్చుకున్నారు?"

ముప్పయ్యేళ్ళు పిల్లల చేత నిజం చెప్పించిన గొంతు అది. వాల్టర్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ యుద్ధంలో అమెరికా దిగాక ఈ రాష్ట్రంలో చర్చిలో, బడిలో, రోడ్డు మీద, చివరికి ఫోన్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని గవర్నరు ఉత్తర్వు వేశాడట. జర్మన్ మాట నోట వస్తే దేశద్రోహి కిందే లెక్కట. భయపడి ఊరి పేరే మార్చేసుకున్నారు. ఆనాటి తలుపొకటి మార్లీన్ గారి ఇంటి వెనక పాత పశువుల కొట్టంలో ఉందనీ, మ్యూజియానికి ఇమ్మని ఎన్నేళ్ళుగా అడుగుతున్నా ఇవ్వడం లేదనీ ఆయన చెప్పారు. శనివారం ఎండుకొమ్మలతో పాటు దాన్నీ తగలబెట్టేస్తానని ఆవిడ అంటున్నారట. "రేపు చివరిసారి అడగడానికి వస్తున్నాను. మీరూ ఒక మాట చెప్పండి" అన్నారు. తలుపు మీద ఏముందో మాత్రం చెప్పలేదు.

తలుపు తగలబెడతారా అని వదిన రాత్రి భోజనాల దగ్గర మొహమాటం లేకుండా అడిగేసింది. మార్లీన్ గారు ఇంకో రెండు అట్లు వదిన పళ్ళెంలో వేశారు.

శుక్రవారం పొద్దున నేను మేడ దిగేసరికి జరగాల్సింది జరిగిపోయింది. వదిన తలస్నానం చేసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పొట్లం తీసి, ఆ తెల్లటి గడప ఈ చివరి నుంచి ఆ చివరికి పసుపు దట్టంగా రాసేసి, కుంకుమ బొట్లు పెడుతోంది.

"వదినా, ఇది పరాయి వాళ్ళ ఇల్లు!"

"గడపకి మన, పరాయి ఏమిటే? రెండు రోజులు తిండి పెట్టిన ఇల్లు. పైగా శుక్రవారం" అని ఇంకో బొట్టు పెట్టింది.

వెనకాల కాఫీ కప్పు చప్పుడైంది. మార్లీన్ గారు. గడప చూసి మెట్ల మీద అలాగే కూలబడ్డారు. ఆవిడ అడిగిన మొదటి మాట, "వాల్టర్ చేయించాడా ఇది?"

నేను సారీల మీద సారీలు చెబుతూ గుడ్డ కోసం వంటింట్లోకి పరిగెత్తాను. ఇది మా ఆచారమనీ, మాకు ఎవరూ ఏమీ చెప్పలేదనీ తడబడుతూ వివరించాను. ఆవిడ నా చేతిలో గుడ్డ తీసుకుని, తుడవకుండా ఒళ్ళో పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆవిడ తాతకి నెలల పాప పోయింది. పాతిపెట్టేటప్పుడు ఆయన ప్రార్థన జర్మన్‌లో చదివాడు. పాపకి ఇంగ్లీషు తెలియదు కదా అన్నాడట. తెల్లారేసరికి ఇంటి ముందు తలుపు నిండా పసుపు రంగు పూసి ఉంది. ఇక్కడ పసుపు రంగంటే పిరికివాడు, ద్రోహి అని. పూసింది ఎక్కడి నుంచో వచ్చిన వాళ్ళు కాదు. ఈ ఊరి వాళ్ళే, జర్మన్లే. మేం మంచి అమెరికన్లం అని చూపించుకోవడానికి. కుంచె పట్టుకున్నది వాల్టర్ తాత. గీకినా రంగు పోక తాత ఆ తలుపు పీకి కొట్టంలో పడేసి కొత్తది పెట్టుకున్నాడు. బతికినంత కాలం తల వంచుకునే నడిచాడు. "దాన్ని మ్యూజియంలో పెడితే మా తాత మళ్ళీ అందరి ముందూ నిలబడ్డట్టే. అందుకే కాల్చేస్తాను" అన్నారు మార్లీన్ గారు.

నేను తెలుగులో చెబుతుంటే వదిన కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. తర్వాత వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద ఇరుక్కుని కూర్చుని, ఇంగ్లీషు పక్కన పెట్టేసి నన్ను చెప్పమంది.

"మా వైపు పసుపు లేని గడప చూస్తే అయ్యో, ఈ ఇంట్లో ఏం జరిగిందో అని అడుగుతారని చెప్పు. పసుపు ఉంటే ఇది మర్యాదస్తుల ఇల్లని అర్థమని చెప్పు. వాళ్ళు తెలియక రాశారు, మేం తెలిసి రాస్తాం. అంతే తేడా."

మార్లీన్ గారు లేచారు. గుడ్డ మళ్ళీ నాకు ఇచ్చేసి, పదండి చూపిస్తాను అన్నారు.

కొట్టంలో గోడకి ఆనించి ఉంది తలుపు. మంచి గట్టి చెక్క, పాత ఇనప బందులు అలాగే ఉన్నాయి. ఒక మనిషి కూర్చుని రోజుల తరబడి గీకిన గీతలు, వాటి సందుల్లో ఇంకా పసుపు. ఇప్పుడు దీన్నేం చేయాలని వదినని అడిగారావిడ. తలుపుని ఇంకేం చేస్తారు, గుమ్మానికి పెడతారు అంది వదిన. మార్లీన్ గారు నవ్వారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు, ఎంత కొంటె నవ్వో.

ఇంతలో మా రైలు మూడు గంటలు లేటని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇండియా రైళ్ళని తిట్టే వాళ్ళందరినీ ఒకసారి ఇది ఎక్కించాలి. పదకొండింటికి వాల్టర్ గారు పికప్ ట్రక్కులో దిగారు. తలుపు మోయడానికి సాయం పట్టమన్నారు మార్లీన్ గారు. ఆయన మొహం చాటంత చేసుకుని ఒక చివర ఎత్తారు. నేనూ ఒక చెయ్యి వేశాను. ట్రక్కు దగ్గరకి రాగానే ఆయన ఆగబోతే, మార్లీన్ గారు ఇంకా ముందుకి, ఇంకా ముందుకి అంటూ వరండా దాకా నడిపించారు. అక్కడ గడప చూశాక ఆయన మొహం మారిపోయింది. వెళ్ళి ట్రక్కులోంచి పనిముట్ల పెట్టె తెచ్చుకున్నారు. కొత్త తలుపు దించి, పాతదాని అడుగు కాస్త చిత్రిక పట్టారు. మార్లీన్ గారు పక్కనే నిలబడి ఒక్కో స్క్రూ అందించారు.

"మా తాత సంగతి నాకు తెలుసు, మార్లీన్."

"తెలుసని నాకూ తెలుసు. ఆయన రాత్రిపూట వచ్చాడు, నువ్వు పగలు వచ్చావు. గట్టిగా బిగించు."

మమ్మల్ని స్టేషన్‌లో దింపింది వాల్టర్ గారే. మార్లీన్ గారు రాలేదు. చూడ్డానికి జనం వస్తారు, ఇంట్లో మనిషి ఉండాలి అన్నారు. మేం మలుపు తిరుగుతుంటే అప్పుడే ఒక కారు ఆ ఇంటి ముందు ఆగింది. ఆవిడ వరండాలోకి వచ్చి, తలుపు ఒకసారి మూసి, బార్లా తెరిచి చూపిస్తున్నారు.

సగం దారిలో వాల్టర్ గారు ట్రక్కు వేగం తగ్గించారు. తనే చెప్పారు. తలుపు మ్యూజియంలో పెట్టినా రంగు పూసిన వాడి పేరు రాయకుండా పెడదామనుకున్నారట. "తాత పేరే నాకు పెట్టారు. కార్డు మీద ఆ పేరు రాస్తే ఊరంతా చదివేది నా పేరే."

నేను తెలుగులో చెప్పగానే వదిన, మా వైపూ తాత పేర్లే పెడతారు అంది. ఆ తర్వాత టీచరమ్మ గొంతుతో, "రాయమను. వెనక బెంచీ వాళ్ళకి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో రాయమను" అంది. అదీ ఇంగ్లీషులో చెప్పాను. స్టేషన్‌లో ఆయన మా సంచులు రైల్లోకి ఎక్కించి, నా ఫోన్ నంబరు రాసుకుని వెళ్ళారు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఒక మాట. వేసవిలో వెళ్ళండి, తిరుగు రైలు నమ్ముకుని ఇంటిదగ్గర ఏ పనీ పెట్టుకోకండి. ఊరంతా చూడ్డానికి ఒక్క పూట చాలు. నేను మాత్రం ఇంత అలిసిపోయి, ఇంత తేలికైన మనసుతో ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు.

నేపర్‌విల్ ఇంకో పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. ఫోటో. బడి గోడ మీద, సైనికుల ఫోటోల పక్కన, ఒక తెల్ల అట్ట. మార్లీన్ గారి తాత ఇంటి తలుపుకి పసుపు రంగు పూసింది ఎవరో, ఎందుకో, ఆ తలుపు ఇప్పుడు ఎక్కడుందో నల్ల మార్కరుతో రాసి ఉంది. మొదటి మాటే వాల్టర్. వదిన ఫోన్ తీసుకుని, కళ్ళజోడు తీసేసి, చెయ్యి చాపగలిగినంత దూరం చాపి చూసింది.

"కనపడుతోంది" అంది.