సంతకం ఇచ్చాను, చాప ఇవ్వలేదు

కింద తపాలా పెట్టె మూత టప్పుమంటే చాలు, ఈ రోజుకీ నా గుండె జారుతుంది. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగం, ఇక్కడ ఉండి పనిచేసుకోనిచ్చే బ్లూ కార్డు, సొంత ఫ్లాట్, అన్నీ ఉన్నాయి. అయినా ఆ చప్పుడుకి చేతిలో టీ కప్పు అక్కడే ఆగిపోతుంది. మన వైపు పసుపంటే శుభం. ఇక్కడ పసుపు కవరు వచ్చిందంటే ఏదో ఆఫీసు మనల్ని లెక్కలోకి తీసుకుందన్నమాట. ఆ భయం నన్ను పట్టుకున్నది హానోవర్‌లో, చదువుకునే రోజుల్లో, ఫ్రౌ హాన్ ఇంట్లో.

ఫ్రౌ అంటే ఇక్కడ 'శ్రీమతి' లాంటి మాట. ఫ్రౌ హాన్ వయసులో ఉండగా కొరియా నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. ఒంటరిగా ఉండేది. తన ఫ్లాట్‌లో ఒక గది నాకు అద్దెకిచ్చింది. వంటింటి గోడమీద ఆమె తండ్రి కుంచెతో చైనా లిపిలో రాసిన రెండు పెద్ద అక్షరాలు ఉండేవి. అవేమిటని ఏడాదిపాటు అడగనే లేదు. అలంకారం అనుకున్నాను, నా తెలివి అలా తగలడింది.

ఆ చలికాలం నా క్లాస్‌మేట్ స్వప్నకి గది దొరకలేదు. గది లేకపోతే ఆన్‌మెల్డుంగ్, అంటే ఊళ్ళో చిరునామా నమోదు, కుదరదు. అది లేకపోతే వీసా పొడిగించరు. "ఒక్క సంతకమేనే, ఎవరు చూస్తరు?" అంది స్వప్న. అందరూ చేసేదే కదా అని, ఇంటి యజమాని ఇవ్వాల్సిన కాగితం మీద ఫ్రౌ హాన్ సంతకం నేనే గీకేశాను. స్నేహం కోసం ఎంత తెగించానో అని లోలోపల మురిసిపోయాను కూడా.

నెల తిరక్కుండానే ఆమె పేరున పసుపు కవరు వచ్చింది. ఇంట్లో ఎందరుంటున్నారో రాసి పంపమని నమోదు ఆఫీసు ఉత్తరం, వెనక నేను గీకిన కాగితం నకలు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. చదువు, వీసా, ఖమ్మంలో నాన్న ముఖం ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. నేనే చేశానని చెప్పాను.

ఆమె తిట్టలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ పడుకుంటోందని అడిగింది. వారానికొకరి వంటింట్లో, నేలమీద అన్నాను.

"సంతకం ఇచ్చావు, అదీ నాది. నీ గదిలో చాప మాత్రం వేయలేదు."

నిజమే. ఎక్కడ నన్ను ఖాళీ చేయమంటుందోనని స్వప్నని ఒక్క రోజు కూడా రమ్మనలేదు.

అప్పుడు గోడవైపు చూపించింది. మొదటిది 'ఇన్', రెండోది 'ఉయి'. చైనావాళ్ళు, జపానువాళ్ళు, వియత్నాంవాళ్ళు తలొక రకంగా పలుకుతారట, మాటలు అవే. ఎదుటివాళ్ళ బాధ నీకు నొప్పి పుట్టిస్తే ఇన్. ఆ బరువు నీ భుజం మీదే మోస్తే, అడక్కుండా పక్కవాళ్ళ మీదికి నెట్టకపోతే ఉయి. దయ, ధర్మం అని నాలో నేను చెప్పుకున్నాను. మనం దయాధర్మం అని ఒక్క ఊపిరిలో అనేస్తాం. అవి రెండని నాకెప్పుడూ తోచలేదు.

మీతో పాటు మేమిద్దరం మొదటినుంచీ ఉంటున్నామని రాసేయమని బతిమాలాను.

"ఈ రోజు నుంచి ఆమె ఇక్కడే ఉంటుంది. అది రాస్తాను. నిన్నటి అబద్ధం రాయను. రేపు ముగ్గురం ఆ ఆఫీసుకి వెళ్దాం, నువ్వే చెప్పు."

చెప్పాను. గుమాస్తా అంతా రాసుకుని, జవాబు తపాలాలో వస్తుందన్నాడు. ఏడు వారాలు పట్టింది. నన్ను పంపేస్తారని ఏడు వారాలూ అన్నం సయించలేదు. రోజూ పెట్టె తెరవడానికి ఫ్రౌ హాన్ మోకాళ్ళ నొప్పితోనే నాతో మెట్లు దిగేది. మీకు భయం లేదా అని ఒకసారి అడిగాను. "నాకూ భయమే. దిగు," అంది. చివరికి నన్నూ స్వప్ననీ హెచ్చరించి వదిలేశారు.

ఫ్రౌ హాన్ పోయి రెండేళ్ళు. పోయిన నెల ఒక వరంగల్ అమ్మాయి ఫోన్ చేసింది. తెలిసినవాళ్ళు నా నంబరు ఇచ్చారట. "అక్కా, ఒక్క సంతకం పెట్టుండ్రి చాలు, మీ ఇంటికి కూడా రాను."

పెట్టనన్నాను.

"ముందు నీ సామాను తీసుకుని రా. చాప వేసి ఉంచుతాను. నువ్వొచ్చాక సంతకం."

మర్నాడు సాయంత్రానికి వచ్చింది. తపాలా పెట్టె మీద ఆమె పేరు అతికిస్తుంటే ఆ పసుపు కవరే గుర్తొచ్చింది. అయినా అతికించాను, నా పేరు పక్కనే.