గుంజలోకి పాకిన కరెంటు

హైదరాబాదు కార్వాన్‌లో పాలమ్ముకునే కాశమ్మ బర్రె ఒంటిమీద చెయ్యి వేసి దానికేమైందో చెప్పగలిగేది. ఎనభై ఏడు వానాకాలంలో మాత్రం ఆమెకు ఏమీ అంతుపట్టలేదు. కొట్టంలో బర్రెలు పాలు చేపడం మానేశాయి. గిన్నె పట్టుకుని కూర్చుంటే కాళ్లు ఎత్తి ఎత్తి వేసేవి. కుడితి తాగబోయి మూతి వెనక్కి లాక్కునేవి.

"ఎవలదో దిష్టి తగిలింది," అన్నాడు భర్త ఎల్లప్ప. మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసినా ఫలితం లేకపోయింది.

ఆ ఇంటి ముందుగది మరిది బాలకిషన్‌ది. సర్కారు కంపెనీలో నౌకరీ చేస్తూనే, పత్తర్‌గట్టి దుకాణదారుల లెక్కలు ఇంట్లో చేసిపెట్టొచ్చని ఆ ఏడు పాత కంప్యూటర్ ఒకటి కొన్నాడు. దానికి కరెంటును సమంగా అందించే బరువైన పవర్ సప్లై డబ్బా కూడా తెచ్చాడు. బిగించడానికి వచ్చిన మనిషి ఎర్త్ తప్పనిసరి అని, డబ్బా నుంచి ఒక తీగను కిటికీలోంచి లాగి, కొట్టంలో మూలనున్న ఇనుప గుంజకు చుట్టిపోయాడు. తడి నేల, లోతుగా దిగిన గుంజ. అంతకన్నా మంచి చోటు దొరకదన్నాడు.

కరెంటు బిల్లు ఎన్నడూ లేనంత వచ్చాక ఇంట్లో లొల్లి మొదలైంది.

"ఇల్లంత కరెంటు నీ మిషినే తాగుతున్నది రా," అన్నాడు ఎల్లప్ప.

"గంత తాగదన్నా. నేను డ్యూటీకి పోతే అది బందే ఉంటది గదా!"

అది నిజమేనా అని కాశమ్మ ఒక పగటిపూట వెళ్లి చూసింది. కంప్యూటర్ ఆపే ఉంది. ఇంట్లో లైటు వేసి లేదు, ఫ్యాను తిరగడం లేదు. మీటరులో చక్రం మాత్రం గిర్రున తిరుగుతోంది. మళ్లీ కొట్లాట ఎందుకని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున మూల గుంజకు కట్టిన నల్లబర్రె, నిండు సూడిది, ఈసుకుపోయింది. చచ్చిన దూడను చూసి కాశమ్మ రోజూ వేసుకునే రబ్బరు చెప్పులు కూడా తొడుక్కోకుండా కొట్టంలోకి పరుగెత్తి, బర్రెను విప్పబోయి గుంజ పట్టుకుంది. చెయ్యి భుజం దాకా జివ్వున లాగింది.

"కిషన్! గుంజల కరెంటున్నది! తియ్, జల్ది తియ్!"

బాలకిషన్ డబ్బా ప్లగ్గు పీకేశాడు. మీటరు ఆగింది. డబ్బా లోపలి తీగచుట్టలు చెమ్మెక్కి, కరెంటు దాని ఇనుప పెట్టెకు పాకింది. కంప్యూటర్ ఆపేవాడే గానీ, డబ్బా ప్లగ్గు అతను ఏనాడూ తీయలేదు. రాత్రింబగళ్లు కరెంటు ఆ తీగ వెంట గుంజలోకి, బర్రెల కాళ్లకిందికి కారిపోయింది. దూడ పోయింది అందుకేనా అంటే పశువుల డాక్టరు తేల్చి చెప్పలేకపోయాడు.

"నాకు తెల్వదు వదినె. పానం మీద ఒట్టు."

"నీకు తెల్వదని నాకు తెలుసు బిడ్డా," అంది కాశమ్మ. అయినా అతని మొహం వైపు చూడలేకపోయింది.

ఎవరూ పొమ్మనలేదు. బాలకిషనే మిషిన్ని యాకుత్‌పురాలో ఒక కిరాయి గదికి మార్చుకుని అక్కడే ఉండిపోయాడు. మిగతా బర్రెలు మెల్లగా చేపుకొచ్చాయి. నల్లది మాత్రం మనిషి దగ్గరికొస్తే బెదిరిపోయేది.

ఒక ఆదివారం అతను వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. ఎల్లప్ప పలకరించకుండా లోపలికి వెళ్లిపోయాడు.

"నల్లది ఎట్లున్నది వదినె?"

"మంచిగనే ఉన్నది. కూసో, అన్నం తిను," అంది కాశమ్మ. దాన్ని అమ్మేశామని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.