లైట్‌హౌసు ముందర అన్న

నిన్న నాయన రొద్దం నుంచి బస్సెక్కి హిందూపురంలో నా స్టూడియోకి వచ్చి, జేబులోంచి అన్న ఫోటో తీసి, పోయినవాళ్లకు పెట్టుకునే పెద్దల అమావాస్య వస్తోంది కాబట్టి దీన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టమన్నాడు. ఆ ఫోటో తీసింది నేనే.

గొర్రెల విషయంలో నాయనతో మాటామాటా పెరిగి అన్న ఇల్లు విడిచి, మంగళూరు అవతల ఎక్కడో సముద్రపొడ్డున లైట్‌హౌసుకు రంగు పూసే పనిలో చేరాడు. మా మిద్దె ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి తాడుకు వేలాడే పని పట్టాడంటే అది నాయన మీద కోపమే తప్ప తెలివి కాదు. అప్పటికే మంచం పట్టిన అవ్వకు చెవులు వినబడవు. ఫోను ఇస్తే బాగుండావా అని అడిగి, జవాబుతో పనిలేనట్టు తిరిగి ఇచ్చేసేది. వాడు పోయినాడేమో, నాకు చెప్పకుండా దాస్తాండారేమో అని ఆమెకు ఒకటే దిగులు. ఇంట్లో కెమెరా ఉన్నవాణ్ణి నేనే కాబట్టి ఫోటో తీసుకురమ్మని నన్ను పంపారు.

అంతవరకు నేను చూసిన నీళ్లలో పెద్దవి మా బోరు నీళ్లు. అక్కడ నల్లటి రాళ్ల మీద అలలు విరుచుకుపడుతుంటే, చుట్టూ ఇంత నీరు పెట్టుకుని మాకు చుక్క రాల్చదే అని నాకు కోపమే వచ్చింది. ముందు దూరం నుంచి లైట్‌హౌసు మొత్తం వచ్చేటట్టు, కింద రాతి మీద గోరంత అన్నతో ఒక ఫోటో తీశాను. దగ్గరికి పోతే, నాయన ఏమన్నా అన్నాడా అని అన్న అడిగాడు.

"గొర్రెలు బాగుండాయన్నాడబ్బా."

అన్న పగలబడి నవ్వాడు. ఆ నవ్వును ఛాతీ వరకు పట్టాను, వెనక లైట్‌హౌసు మసకగా. అంత మంచి ఫోటో ఇంతవరకు మళ్లీ తీయలేదు.

ఇంటికొచ్చి గొప్పగా దాన్నే ముందు అవ్వ చేతికిచ్చాను. చూసి గుండెలు బాదుకుంది. మా పల్లెల్లో ఛాతీ వరకు ఉండేది దండ వేసే ఫోటో. బతికున్నవాళ్లు కాళ్లతో సహా నిలబడాల. పెండ్లి గుంపు ఫోటోల్లోంచి పోయినవాళ్లను ఛాతీ వరకు కోసి పెద్దది చేయడమే సగం బతుకైన నాకు ఆ సంగతే తట్టలేదు. పరుగున పోయి దూరం నుంచి తీసిన ఫోటో తెచ్చాను. అవ్వ చాలాసేపు వెతికి, గోటితో అన్న కాళ్లు తడిమి, "రాతి మీదనే నిలబడుకోనుండాడు" అని, ఆ పూట సంగటి తినింది.

అవ్వ పోయిన రోజు చేసిన ఫోను అన్న ఎత్తలేదు. తరవాత ఆ నంబరే లేదన్నారు. నాయనా నేనూ ఆ లైట్‌హౌసు దగ్గరికి పోయి అడిగితే, రంగు పని అయిపోయింది, ఆ మనుషులు యాడికి పోయినారో తెలియదన్నారు. ఏండ్లు గడిచాయి.

ఇప్పుడు ఫోన్లలో అందరివీ మొహాలే, బతికున్నవాళ్లవి కూడా. కాళ్లు వచ్చాయా అని అడిగే అవ్వలు లేరు. నేను మాత్రం ఆ దూరపు ఫోటోను కంప్యూటర్లో అప్పుడప్పుడు పెద్దది చేసి చూస్తుంటాను. పెంచేకొద్దీ కాళ్లు చిన్న చిన్న గళ్లయిపోతాయి, అయినా రాతి మీదనే ఉంటాయి.

నిన్న నాయన తెచ్చింది ఛాతీ వరకున్న ఆ నవ్వు ఫోటోనే. కరెంటు లేదు నాయనా, ఈరోజు కాదు అన్నాను. నాయన తలెత్తి, పైన గిరగిరా తిరుగుతున్న ఫ్యాను వైపు కాసేపు చూశాడు. ఫోటో జేబులో పెట్టుకున్నాడు.

"కరెంటొచ్చినాకనే వస్తాలేప్పా" అని బస్టాండు దారి పట్టాడు.