అనిత ఉమ్మనీరు పోయిన రోజు

2018 ఎండాకాలం. మక్తల్ నుంచి పాలమూరు పోయే తోవలో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సును. మాది తిరుమలగిరి దగ్గర పల్లె. కొత్తలో ఈ వైపు ఎండకు, దుమ్ముకు బెదిరిపోయాను గానీ, ఆ ఏడాదికల్లా లేబర్ రూమ్ నా సొంత వంటిల్లులా అయిపోయింది. నా నోరు కూడా కాస్త పెద్దదే. "పద్మ సిస్టర్ డ్యూటీల ఉంటే పిల్ల ఏడుపు కన్న ముందు సిస్టర్ ఒర్లుడే వినవడ్తది" అని మా ఆయమ్మ అందరికీ చెప్పుకుని నవ్వేది.

ఒక పొద్దున, ఓపీకి జనం ఇంకా రాకముందే, గేటు ముందు ఆటో ఆగింది. ముందు ఎల్లవ్వ అనే పెద్దావిడ దిగింది. ఆమె వెనక కోడలు అనిత. తొలిచూలు, నెలలు నిండాయి, చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు అంటుకుపోయాయి. గొర్ల కాపరుల కుటుంబం వాళ్లది. అనిత భర్త మందతో కృష్ణ ఒడ్డుకు పోయి ఉన్నాడు. ఆ ఎండల్లో వీళ్ల మగవాళ్లంతా అక్కడే ఉంటారు.

"నీళ్లెప్పుడు పోయినయి?" అని అడిగాను.

"ఇంటికాడ్నే పోయినయి సిస్టరమ్మా. నువ్వేం ఫికర్ జెయ్యకు. అప్పటిసంది పొల్లను వాకిట్ల తిప్పుతనే ఉన్న," అంది ఎల్లవ్వ, మెచ్చుకుంటాననుకుని.

"ఎందుకు తిప్పినవవ్వా?"

"ఎందుకేంది? ఈనే గొర్రెను నడిపిస్తే పిల్ల కిందికి దిగదా? నా చేతుల మీద ఎన్ని మందలు ఈనినయో నీకేమెర్క!"

ఎల్లవ్వ మాటలో పూర్తిగా తప్పు లేదు. బిడ్డ తల కటి ఎముకల మధ్య కుదురుకున్నాక నడిస్తే మంచిదే, మేమే నడవమంటాం. కానీ అనిత పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే తల ఇంకా పైనే కదులుతోంది. తల పైన ఉండగానే ఉమ్మనీరు పోతే కింద ఖాళీ జాగా మిగులుతుంది. అప్పుడు నడిస్తే ఆ ఖాళీలోకి తలకంటే ముందు బొడ్డుపేగు జారే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు మనిషిని పడుకోబెట్టే తీసుకురావాలి.

డాప్లర్ పెట్టాను. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషన్ అది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు నెమ్మదించిపోతోంది. గ్లౌజులు వేసుకుని లోపల పరీక్ష చేస్తే వేళ్లకు తల తగల్లేదు. మెత్తటి పేగు తగిలింది, టకటకా కొట్టుకుంటూ.

దీన్ని కార్డ్ ప్రొలాప్స్ అంటారు. బిడ్డకు నెత్తురు, ప్రాణవాయువు అందేది ఆ పేగు గుండానే. నొప్పికి తల కిందికి దిగి పేగును నొక్కేసిందంటే అంతే సంగతులు. చేయగలిగింది ఒక్కటే. తలను వేళ్లతో పైకి నెట్టి పట్టుకోవాలి, పట్టుకున్న చెయ్యి తియ్యకుండా ఆపరేషన్ థియేటర్ దాకా పోవాలి. మా దగ్గర థియేటర్ లేదు. పాలమూరు పోవాల్సిందే.

నెట్టి పట్టుకున్నాను. అక్కడి నుంచే కేక పెట్టాను. ఆయమ్మ 108కి ఫోన్ చేసి, క్యాంపుకు పోయిన మా డాక్టరు గారికి చేసి, ఫోను నా చెవి దగ్గర పెట్టింది. "పెద్దాసుపత్రికి నేను చెప్తా, థియేటర్ రెడీగా ఉంటుంది. నువ్వు చెయ్యి మాత్రం తియ్యకు," అన్నారాయన.

బిడ్డ బరువు పేగు మీద పడకుండా అనితను మోకాళ్ల మీద వంగబెట్టి తల దించమన్నాను. అది చూసి ఎల్లవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఏందిది సిస్టరమ్మా! పొల్లను పసురం లెక్క వంగవెడ్తివి? బయట మొగోళ్లున్నరు, ఇజ్జత్ లేదా? చెయ్యివెట్టినవు గదా, గుంజు మరి! గుంజి బయటెయ్యి!" అంటూ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. అరవబోయాను. కానీ ఆమె నా చెయ్యి గట్టిగా లాగితే బిడ్డ దక్కదు. నా జీవితంలో అంత కష్టపడి గొంతు తగ్గించుకున్న రోజు లేదు.

"అవ్వా, ఒక్క మాట చెప్పు. గొర్రెకు పిల్ల అడ్డం తిరిగి కాలొక్కటే బయటికొస్తే గుంజుతవా?"

"గుంజితే సస్తది," అంది వెంటనే. "లోపల్కి నెట్టి సర్దాలె."

"నేను గదే చేస్తున్న. ఈడ కాలు కాదు, పేగొచ్చింది. తల దాని మీద కూసుంటే పిల్లకు నెత్తురు అందది. పాలమూరుల ఆపరేషన్ చేసి తీసేదాక నేను నెట్టుతనే ఉండాలె."

ఎల్లవ్వ నా మోచెయ్యి వదిలేసింది. కొంగు బిగించి నడుముకు దోపుకుంది. "నన్నేం జెయ్యమంటవో చెప్పు," అంది. ఆ క్షణం నుంచి ఆమె మా మనిషి.

అంబులెన్సులో అనితను ఎడమ పక్కకు తిప్పి, నడుము కింద దిండ్లు, మడిచిన దుప్పట్లు పెట్టి ఎత్తు చేశాం. టెక్నీషియన్ ఆక్సిజన్ పెట్టాడు. ఎల్లవ్వ కోడలి భుజాలను ఒడిలోకి అదుముకుని కూర్చుంది. నేను మోకాళ్ల మీద, చెయ్యి లోపల. గుంత వచ్చినప్పుడల్లా తల నా వేళ్ల మీదికి దిగేది, నేను పళ్లు బిగించి నెట్టేదాన్ని. నొప్పి వస్తే ముక్కొద్దని ఎల్లవ్వ కోడలి చెంప తట్టి చెప్పేది. "నోటితోని గాలి ఇడు బిడ్డా, ముక్కకు."

అనిత మాత్రం ఒక్కటే అడిగేది. "అక్కా, కొట్టుకుంటాందా?"

"కొట్టుకుంటాంది."

రెండు నిమిషాలైతే మళ్లీ, "అక్కా, కొట్టుకుంటాందా?"

"కొట్టుకుంటాంది బిడ్డా, నీకన్న హుషారున్నది."

దేవరకద్ర దాటాక బండి ఠక్కున ఆగింది. రోడ్డు నిండా గొర్రెలు. డ్రైవర్ హారన్ కొట్టిన కొద్దీ అవి ఇంకా చెదిరి బండి చుట్టూ ముసురుకున్నాయి. కాపరి ఎక్కడో వెనక కేకలేస్తున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎల్లవ్వ అనిత తలను టెక్నీషియన్ చేతుల్లో పెట్టి, వెనక తలుపు తీసుకుని దూకింది. ముందు నడిచే పొట్టేలును కొమ్ము పట్టి రోడ్డు దించింది. మంద మొత్తం దాని వెనకాలే దిగిపోయింది. వచ్చి కూర్చుంటూ, "హారన్ కొడ్తే గొర్లు ఇంటయా? పోనియ్ బిడ్డా!" అని డ్రైవర్ మీద కేకలేసింది. ఒర్లడంలో నన్ను మించిన మనిషిని అప్పుడే చూశాను.

పెద్దాసుపత్రిలో స్ట్రెచర్ గేటు దగ్గరే పెట్టుకుని నిలబడ్డారు. స్ట్రెచర్ పక్కన నేనూ వంగి పరుగెత్తాను. థియేటర్లో అనితకు మత్తు ఇచ్చారు. నన్ను ఆమె మీద కప్పిన పచ్చగుడ్డల కిందే ఉండమన్నారు. "నేను చెప్పేదాకా చెయ్యి తియ్యకండి సిస్టర్," అంది డాక్టరమ్మ. చీకట్లో నాకేమీ కనిపించడం లేదు. వేళ్ల మీద తల బరువు, పక్కన పేగు కొట్టుకోవడం, ఆ రెండే తెలుస్తున్నాయి.

ఒక్కసారిగా వేళ్ల మీది బరువు పైకి లేచిపోయింది. పై నుంచి బిడ్డను తీసేశారు. నా చెయ్యి ఖాళీ అయింది. ఏ చప్పుడూ లేదు. నాకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను. అప్పుడు ఏడ్చింది చూడండి! థియేటర్ అదిరిపోయేలా ఏడ్చింది. ఆడపిల్ల. నేను గుడ్డల కింద కూర్చునే గట్టిగా నవ్వాను, ఏడ్చాను కూడా. ఎవరేమనుకుంటే నాకేం?

బయటికి వచ్చాక నా కుడిచేతి వేళ్లు విచ్చుకోలేదు. చాయ్ గ్లాసు పట్టుకోవడం చేతకాలేదు. ఎల్లవ్వ ఆ గ్లాసు తీసుకుని, ఊది ఊది నాకు తాగించింది. ఆ తర్వాత నా చెయ్యి ఒడిలో పెట్టుకుని ఒక్కో వేలూ ఒత్తుతూ కూర్చుంది. మనుమరాలిని చూడమని పిలిస్తే, "జర ఆగుండ్రి, వస్తున్న," అంది.

తలను పైకి నెట్టి పట్టుకోవడం మాకు ట్రైనింగులో నేర్పారు. మోచెయ్యి పట్టుకుని గుంజే అత్తను మనతో కలుపుకోవడం నాకు ఎల్లవ్వ దగ్గరే వచ్చింది. కొత్తగా చేరే సిస్టర్లకు నేను ఇప్పటికీ అదే చెబుతాను. ముందు వాళ్ల పని ఏమిటో కనుక్కోండి, మన పనిని ఆ మాటల్లో చెప్పండి, అరవడం తర్వాత ఎప్పుడైనా అరవొచ్చు. అరవకుండా చెప్పడం మాత్రం నాకు ఇంకా పూర్తిగా రాలేదు.

టీకాల రోజు ఎల్లవ్వ మనుమరాలిని చంకనేసుకుని వచ్చింది. వరుసలో కూర్చున్న ఆడవాళ్ల ముందే పిల్లను నా చేతుల్లో పెట్టింది. అందరూ వినేలా ఇలా అంది:

"మంది పుట్టినంక ఎత్తుకుంటరు. గీ సిస్టరమ్మ నా మనుమరాలిని పుట్టకముందే పాలమూరు దాక చేత వట్టుకపోయింది."