వెల్లకిలా పడుకున్న వల

బంగాళాఖాతంలోని రొయ్యలకు ఒక ట్రిప్పంతా విడుదల ఇప్పించిన మహానుభావుణ్ణి నేనే. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు గిలకలదిండి హార్బరులో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మాది పెదపారుపూడి. వరి తప్ప మరొకటి ఎరగని ఇంట్లో పుట్టి, ఫిషరీస్ డిప్లొమా చేసి, సముద్రాన్ని ఉద్ధరిద్దామని బందరు చేరాను. మరపడవల వాళ్లను ఒప్పించి, వల చివరి సంచికి పైవైపున లాగినా మూసుకుపోని చదరపు కళ్ల వలముక్క ఒకటి కుట్టించడం నా ఉద్యోగం. చేపపిల్లలు పైకి ఈది ఆ కిటికీలోంచి తప్పించుకుంటాయి, రొయ్యలు అడుగునే ఉండిపోతాయి. పుస్తకంలో బొమ్మతో సహా ఉంది.

హార్బరంతా తిరిగితే పడవ డ్రైవర్ ఏడుకొండలు ఒక్కడే ఒప్పుకున్నాడు. అదీ వేట నిషేధానికి ముందు ఆఖరి ట్రిప్పు. ఆ రొయ్యల మీదే నిషేధమున్న రెండు నెలలూ అతని మనుషుల ఇళ్లలో పొయ్యి వెలగాలి.

"మిమ్మల్ని నమ్మి ఇస్తున్నానండీ," అన్నాడు. నేను దేవుడిలా అభయహస్తం చూపించాను.

వలలు బాగుచేసే పోలయ్య మావయ్య ఒడ్డున వల పరిచాడు. ఆకాశం వైపు ఉన్న భాగం మీద నేను సుద్దతో గీత గీశాను.

"ఇటేనా బాబూ?" అన్నాడు మావయ్య.

"ఇటే. పైవైపు."

"ఇది పైవైపంటారా?"

"కనబడుతోందిగా మావయ్యా! పుస్తకంలోనూ ఇంతే."

మావయ్య నన్ను చూశాడు, వలను చూశాడు, కాసేపు సముద్రాన్ని కూడా చూసి సూది అందుకున్నాడు.

పడవ తిరిగొచ్చిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫొటోలు తీద్దామని వెళ్లాను. డెక్కు మీద రొయ్యలు గంపెడు కూడా లేవు. చేపపిల్లలు మాత్రం గుట్టగా పడి ఉన్నాయి, వేలెడంతవి, గోరంతవి, అన్నీ చచ్చినవే.

ఏడుకొండలు గుప్పెడు పిల్లల్ని తీసి నా దోసిట్లో పోశాడు.

"ఇయ్యి బతకాలనే గదండీ మీరొచ్చింది?"

పోలయ్య మావయ్య మెల్లగా అన్నాడు: "నేలకి రాసుకుని వల పొట్టే చిరుగుద్ది బాబూ. అందుకని బాగుచేసేటప్పుడు పొట్ట పైకి పెట్టి వెల్లకిలా పరుస్తాం. మీరు గీసింది పొట్ట మీద."

అంటే నా కిటికీ సముద్రం అడుగు వైపు తెరుచుకుంది. రొయ్యలు అందులోంచి జారిపోయాయి. పైకి ఈదిన పిల్లలకు దారి లేదు.

"మరి ముందే చెప్పొచ్చుగా మావయ్యా!"

"రెండుసార్లు అడిగానుగా. మీరు పుస్తకం అన్నారు. కొత్త పద్ధతేమో అనుకున్నా."

ఏడుకొండలు ఆ ముక్కను కోసి, మడిచి, నా చేతికిచ్చాడు. నిషేధం ముగిశాక ఇంకే పడవ వాళ్లూ తమ వలను ముట్టుకోనివ్వలేదు. ఇప్పటికీ హార్బరులో అలాంటి చేపపిల్లల గుట్టలు చూస్తే సిగ్గుతో, బాధతో తల వంగిపోతుంది.

కాబట్టి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరైనా "ఇటేనా బాబూ?" అని అడిగితే, పుస్తకం మూసేసి, చేతులు కట్టుకుని, "ఎటో మీరే చెప్పండి" అంటాను. చిక్కల్లా ఒకటే. ఆ రోజు నుంచి గిలకలదిండిలో నన్నెవరూ ఏమీ అడగడం లేదు.