బోడి ఎలుగుబంటి, మా పాప తాయెత్తు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను ఉదయగిరికి రేంజి ఆఫీసరుగా వేశారు. అటవీ శాఖలో జిల్లా అడవి మొత్తానికి డి.ఎఫ్.ఓ. అధికారి. ఆ అడవిని రేంజిలుగా విడదీస్తారు. రేంజి ఆఫీసరు కింద ఫారెస్టర్లు, వాళ్ల కింద గార్డులు ఉంటారు. గార్డు అడవిలో నడుస్తాడు, ఫారెస్టరు గార్డును నడిపిస్తాడు, రేంజి ఆఫీసరు కాగితాలు నడుపుతాడు. నాకు ఆ కాగితాల మీద బొమ్మలు గీసే అలవాటు కూడా ఉండేది.

ఉదయగిరి కొండ మీద అప్పట్లో ఎలుగుబంట్లు బాగానే తిరిగేవి. వాటికి ప్రమాదం మాంసం కోరేవాళ్ల నుంచి కాదు, పసిబిడ్డల తల్లుల నుంచి. బిడ్డ నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే జడుసుకున్నాడనేవారు. జడుపు పోవడానికి ఎలుగుబంటి వెంట్రుకలు తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవారు. ఎలుగుబంటి అడిగితే ఇచ్చేది కాదు కనుక ఉచ్చులు పన్నేవారు. రిజర్వు అడవిలో లైసెన్సు లేకుండా వేటాడటం నేరమే. అయినా బిడ్డకు తాయెత్తు కట్టిన తల్లి మీద కేసు రాసే గార్డు ఎక్కడుంటాడు?

అడవి జంతువుల రక్షణ గురించి జనానికి తెలియజెప్పాలని ఆ ఏడు సర్క్యులర్ వచ్చింది. దానితో డబ్బేమీ రాలేదు. ఉపన్యాసం ఎవరూ వినరు, నవ్విస్తే వింటారని నేను నల్ల సిరాతో అట్టల మీద ఒక బొమ్మ గీశాను. మంగలి ముందు ఎలుగుబంటి బోడిగుండుతో కూర్చుని ఉంటుంది. వెనక బిడ్డలను ఎత్తుకున్న తల్లులు వరసలో నిలబడి ఉంటారు. ఎలుగుబంటి అంటుంది: "అందరి జడుపూ పోగొట్టాను. నా జడుపుకు ఎవరి వెంట్రుకలు కట్టేది?"

ఎవరూ చింపకుండా అట్టల కింద ఆఫీసు గుండ్రటి ముద్ర వేశాను. గార్డు పెంచలయ్య వాటిని ఉదయగిరి అంగళ్ల వీధిలోనూ, ఆత్మకూరులో బస్సులు ఆగే చోటా తగిలించి వచ్చాడు.

వారం తిరిగేసరికి ఆఫీసు వరండా నిండా బిడ్డలతో ఆడవాళ్లు. అనంతసాగరం నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. బొమ్మ నచ్చి వచ్చారనుకుని నేను కోటు గుండీలు పెట్టుకుని బయటికి నడిచాను.

"వెంట్రుకలు ఎప్పుడిస్తారు సార్?" అని ముందున్నామె అడిగింది.

నేను పెంచలయ్య వైపు చూశాను. "బొమ్మలో ఆడోళ్లు వరసలో నిలబడి ఉండారు గదా సార్, ఈళ్లూ వరసలో నిలబడినారు" అన్నాడు.

వాళ్ల అజ్ఞానం గురించి నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. మా వీధిలో మజ్జిగ అమ్మే నరసమ్మవ్వ అంతా విని, చంకలోని మనవణ్ణి రెండో వైపుకు మార్చుకుంది.

"మాకు చదువు లేదులే సారూ. మరి మీ పాప మెళ్లో ఉండేది ఏంది?"

అంతకు ముందు నెలలో ఒక కేసులో పట్టుకున్న ఎలుగుబంటి తోలు మా ఆఫీసు గదిలో ఉండేది. కోర్టుకు పంపేదాకా అది కేసు సొత్తు, ఎవరూ ముట్టుకోకూడదు. అప్పుడు మా నాలుగేళ్ల పాప రెండు రాత్రులు ఉలిక్కిపడి లేచింది. ఇంట్లో ఎవరూ తాయెత్తు కట్టమని అడగలేదు. నేనే గది తలుపు తీసి, తోలు నుంచి నాలుగు వెంట్రుకలు పీకి, కంసాలి చేత వెండి తాయెత్తులో పెట్టించాను. అది మొదటి తప్పు. కంసాలికి తెలిసిన సంగతి ఊరికి తెలియదనుకోవడం రెండోది. ఆ జనం నా బొమ్మను తప్పుగా చదవలేదు. సారు తన బిడ్డకు ముందు ఇచ్చుకున్నాడు, ఇప్పుడు ముద్ర వేసి అందరినీ పిలిచాడు అనుకున్నారు. వాళ్ల లెక్కలో తిరకాసేమీ లేదు.

నరసమ్మవ్వ అక్కడితో ఆగకుండా ఇంకో మాట చెప్పింది. "వీడు నిద్దర్లో కేకలేస్తా ఉండాడు. కొండకు పొయ్యేవాడికి చెప్పినాను. పిల్లల్ని వేసుకోని తిరిగే ఎలుగ్గొడ్డు ఒకటి ఉండాదంట. అమావాస్య దాటినాక ఉచ్చేస్తానన్నాడు."

వాడెవడో చెప్పమన్నాను.

"కేసు రాస్తావా? రాసుకో. ముందు నీ పేరు రాసుకో."

వరండా అంతా నవ్వింది. పెంచలయ్య మర్యాదగా గోడ వైపు తిరిగి నవ్వాడు.

చివరికి ఆమే ఒక దారి చూపింది. "నీ బిడ్డకు తాయెత్తు ఇప్పు. అమావాస్య దాటిందాకా పాప జడుసుకోకుంటే వాణ్ణి నేనే వద్దంటాను. జడుసుకునిందా, నువ్వు అడ్డం రాబాకు."

అధికారి ఒప్పుకోదగిన షరతు కాదది. కానీ వేరే దారి చెప్పడానికి నాకు మొహం లేదు. ఆఫీసు వెనకే ఉన్న మా ఇంటి నుంచి పాపను పిలిచి అందరి ఎదుటా తాయెత్తు విప్పాను. ఇంట్లోకి వెళ్లాక నా భార్య, "మీ ఎలుగుబంటికి పూచీ నా బిడ్డ నిద్రా?" అని అడిగింది.

ఆ రాత్రే పాప ఏడ్చింది. పొద్దున్నే నరసమ్మవ్వ మజ్జిగ కుండ దించకుండానే, "కేక ఈది చివర దాకా ఇనపడింది" అంది. అది జడుపు కాదనీ, నోట్లో పెట్టుకుని చప్పరించే తాయెత్తు కనపడక చేసిన మారామనీ నేను వాదించాను. నా మాట చెల్లలేదు. నా భార్య బయటికి వచ్చి అదే చెప్పాక అవ్వ సరేనంది. అప్పటి నుంచి రోజూ విచారణే. మజ్జిగ పోయించుకునే వాళ్లంతా మా పాప నిద్ర గురించి అడిగి వెళ్లేవారు. పాప ఏమీ ఎరగనట్టు ఆడుకునేది. కొండ మీద ఆ ఎలుగుబంటి కూడా ఏమీ ఎరగకుండానే తిరుగుతూ ఉండాలి.

అమావాస్య మర్నాడు వాకిట్లో మజ్జిగ కొనేవాళ్ల కంటే కొననివాళ్లే ఎక్కువమంది నిలబడ్డారు. నా భార్య వచ్చి, "పాప కదల్లేదు అవ్వా. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేచింది ఈయన. ఆ తాయెత్తు ఈయనకే కట్టాల్సింది" అంది.

"ఈయన జడుపుకు ఒక ఎలుగ్గొడ్డు చాలదులేమ్మా" అంది నరసమ్మవ్వ.

ఆమె మాట మీద నిలబడింది. పెంచలయ్య కొండంతా తిరిగి ఎక్కడా ఉచ్చు లేదని చెప్పాడు. అవ్వ మనవడికి అనుమసముద్రంపేట దర్గాలో తాయెత్తు కట్టించిందట. అందులో ఉన్నది కాగితమేనని అతనే కనుక్కొచ్చాడు. వానలు పడ్డాక ఎలుగుబంటినీ, దాని వీపు మీద రెండు పిల్లలనూ చూశానన్నాడు.

తాయెత్తులోని వెంట్రుకలు తోలుతో పాటు మూట కట్టి, జరిగింది డి.ఎఫ్.ఓ. గారికి రాశాను. ఆయన మందలింపు నా సర్వీసు రిజిస్టరులో చేరింది. అది న్యాయమే.

ఇంకో బొమ్మ గీశాను. అందులో బోడి ఎలుగుబంటి రేంజి ఆఫీసరు కోటు పట్టుకుని లాగుతూ, "నా వెంట్రుకలు తమరి ఇంట్లోనే ఉండాయంట గదా సారూ?" అంటుంది. ఆఫీసరుకు నా మీసమే పెట్టాను. పొట్ట తక్కువైందని పెంచలయ్య అంటే అదీ సరిచేశాను. ఈసారి ముద్ర వేయలేదు. వెంట్రుకలు ఇమ్మని ఎవరూ రాలేదు. నవ్వి పోవడానికి మాత్రం చాలామంది వచ్చారు. తాయెత్తుల వ్యాపారం ఆగిపోలేదు కానీ, ఆత్మకూరులో ఎలుగుబంటి వెంట్రుకలు బయటపెట్టి అమ్మడం తగ్గింది.

పరుల అలవాటు మీద బొమ్మ గీసేవాడు తన అలవాటును కూడా అందులో చేర్చాలి. లేకపోతే చూసేవాళ్లే చేరుస్తారు. తర్వాత నేను పనిచేసిన ప్రతి రేంజిలోనూ బొమ్మలు గీశాను. గోడకు తగిలించే ముందు మాత్రం ఇంట్లో అందరి మెడలూ ఒకసారి చూసుకునేవాణ్ణి.