ఊక పరిచిన కొట్టం

మా ముత్తాత అమీర్‌పేటలో గుర్రం దిగితే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారట. పంజగుట్ట దాకా ఉన్న పొలాల తగవులు తీర్చినవాడు మా తాతయ్య. నా చిన్నప్పటికి పొలాలు పోయి, పెద్ద ఇల్లు, వెనక దొడ్డి, తాతయ్య వంగని నడుము మిగిలాయి.

ఆ దొడ్డిలో ఓ మూల, బోరబండ నుంచి వచ్చిన ఒక అవ్వ పందులు పెంచుకునేది. ఒక ఎండాకాలం మా ఇంట్లో దుర్వాసన మొదలైంది. పందుల వల్లేనని అందరం తేల్చేశాం. వెళ్లి చూసినవారు ఎవరూ లేరు. ఆదివారంలోగా ఖాళీ చేయమని చెప్పి రమ్మని తాతయ్య నన్ను పంపాడు.

కబురు విని అవ్వ తల్లిపంది పొట్ట మీద చెయ్యి వేసింది. "రేపో మాపో ఈనేటట్టుంది బిడ్డా. ఇప్పుడు కదిలిస్తే పిల్లలు బతకయి" అంది. తర్వాత తువ్వాలతో నా కళ్లకు గంతలు కట్టింది. "చిన్నదొరసానీ, కంపు యాడికెళ్లి వస్తుందో ముక్కుతోనే పట్టుకో."

ఆట బాగుందనిపించింది. గాలి పీలుస్తూ నడిచాను. ఒకచోట కాళ్ల కింద మెత్తగా, వెచ్చగా తగిలింది. ఏదో తడిమూతి నా పిక్కను తాకింది. అక్కడ మట్టివాసన తప్ప మరేమీ లేదు. ఇంకా ముందుకు పోతే కంపు ఘాటెక్కి, చేతికి గోడ తగిలింది. గంతలు విప్పితే అది మా వంటింటి వెనక గోడ! పూడిపోయిన తూము పక్కన మా ఎంగిళ్లే కుళ్లుతున్నాయి. నేను దాటి వచ్చిన మెత్తటి చోటు పందుల కొట్టం.

అక్కడెందుకు కంపు లేదని అడిగాను. అవ్వ కొట్టంలో చెయ్యి పెట్టి తవ్వి చూపించింది. మోకాలి లోతున ఊక, రంపపు పొట్టు. పందులు మూతులతో తిరగేస్తుంటే పేడ అందులోనే కలిసి ఆరిపోతుందట. పైన కొత్త ఊక చల్లితే చాలు. నిండాక కూరగాయల తోటలవాళ్లు ఎరువుకు తీసుకుపోతారు. మేత కూడా హోటళ్లలో మిగిలిన అన్నమే, ఉడికించి తౌడు కలిపేది. "కడిగేది లేదు, కొనేది లేదు. అవే దున్నుకుంటయి" అని నవ్వింది.

నేను చెప్పింది విని తాతయ్య తానే వచ్చి ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడు తూములో పూడిక తీయించి, ఎంగిళ్లు పడేచోట పరచడానికి అవ్వను ఊక అడిగి తెమ్మని నన్నే పంపాడు.

"దొరకు ఊక గావాల్నా? రెండు బస్తాలు తీస్కపో. జర మందంగ పరువుమను!"

ఆ వారంలోనే తల్లిపంది తొమ్మిది పిల్లలను ఈనింది, మా దొడ్డిలోనే.

ఇప్పటికీ ఎవరి మీదైనా నింద వినగానే, ముందు మా వంటింటి గోడ దాకా మనసులో ఒకసారి నడిచి వస్తాను. ఇల్లు ఎప్పుడో పోయింది. చివరికి ఆ దొడ్డి కూడా అమ్మాం. కొన్నది అవ్వ కొడుకు.